సత్తయ్యకు కనబడని పాలపిట్ట

పాలకీడు సత్తయ్యకు నలభై ఐదేళ్లొచ్చినా ఒక్కసారీ పాలపిట్ట కనబడలేదు. దసరా నాడు ఊరంతా దాన్ని చూడడానికి చెలకల వెంట పోయేది. "అగో, అగో!" అని అందరూ మొక్కుతుంటే సత్తయ్య ఆకాశం, చెట్లు, పక్కవాడి నెత్తి అన్నీ వెతికి, ఆఖరికి ఊరికే చేతులు జోడించేవాడు. ఆ ఏడు చేను ఎండినా, బర్రె తన్నినా "నాకు పిట్ట కనవడకపాయె, ఇంకేమైతది?" అనేవాడు.

తొంభై ఒకటి దసరాకు మాత్రం పట్టుబట్టాడు. భార్య బుచ్చమ్మను, ఆమె తమ్ముడు నర్సింహను వెంటబెట్టుకొని పొద్దున్నే గుట్టదారి పట్టాడు. వానలు వెనక్కిపోయాయి. తంగేడు విరగబూసింది. గట్ల మీద గునుగు ఊగుతోంది. సీతాఫలాలు అప్పుడే కళ్లు విప్పుతుంటే బుచ్చమ్మ ఒడి నిండా తెంపుకుంది. పొదల్లోంచి కౌజుపిట్టలు బుర్రున లేచాయి. ఒక ముంగిస దారికి అడ్డంగా ఉరికింది.

"పిల్లి ఎదురొచ్చింది, జర ఆగుండ్రి" అన్నాడు సత్తయ్య.

"గుట్టల పిల్లేంది బావా?" అని నర్సింహ నవ్వాడు.

ఇంకొంచెం పోయాక సత్తయ్యే టక్కున ఆగాడు. "దొరికింది! నీలం రెక్కలు! కదలకుండ్రి!"

చెప్పులు విడిచి, కళ్లు మూసుకొని, తుమ్మచెట్టుకు మొక్కాడు. బోరులో నీళ్లు పడాలన్నాడు, బర్రెకు బుద్ధి రావాలన్నాడు. కొమ్మకు చిక్కుకున్న నీలం పాలిథిన్ కవరు గాలికి టపటపలాడింది.

నర్సింహ నవ్వు ఆపుకోలేక గట్టు మీద కూలబడ్డాడు. బుచ్చమ్మ మాత్రం నవ్వలేదు. కాస్త దూరం పోయి ఒక సీతాఫలం పైకెత్తి పట్టుకుంది.

"ఏమయ్యా, నా చేతులేమున్నది?"

"చెంబు."

"ఓరి దేవుడా! పిట్టది కాదు తప్పు. నీకు కండ్లే కనవడ్తలేవు!"

మర్నాడే మిర్యాలగూడ బస్సెక్కించి కళ్ల డాక్టరుకు చూపించింది. వారానికి అద్దాలు తయారయ్యాయి. అవి పెట్టుకొని బస్సు దిగిన సత్తయ్యకు ఇంటిదాకా అడుగు సాగలేదు. సాలెగూడు దగ్గర ఆగాడు. గునుగు పువ్వును ముట్టి చూశాడు. కరెంటు తీగ మీది పాలపిట్ట ఒక్కసారిగా రెక్కలు విప్పి లేచేసరికి, ఆ నీలం చూసి నోరు తెరిచాడు. మొక్కడమే మరిచిపోయాడు. అది పోయినవైపే చూస్తూ తడిసిన అద్దాలు తుడుచుకున్నాడు.

తర్వాత వెంట ఉన్న బుచ్చమ్మవైపు తిరిగి చాలాసేపు చూశాడు. ఆమెకు సిగ్గు ముంచుకొచ్చింది.

"నీకు గిన్ని తెల్లెంటికలు ఎప్పుడొచ్చినయే?"

బుచ్చమ్మ చరచరా ముందుకు నడిచిపోయింది.

ఇక ఇంట్లో ఆమెకు సుఖం లేకుండా పోయింది. బియ్యంలో రాయి, గోడ మీద మరక, చారులో వెంట్రుక అన్నీ ఆయనకే ముందు కనబడేవి. నెల తిరక్కముందే, తినేటప్పుడు అద్దాలు తీసి గూట్లో పెట్టాలని హుకుం వేసింది. సత్తయ్య అట్లాగే తీసి పెట్టేవాడు. కాకపోతే ఆదివారం మాంసం కూరలో తునకేదో బొక్కేదో తెలియక ఆయన తడుముకుంటుంటే, బుచ్చమ్మే పక్కన కూర్చొని ఏరి పెట్టాల్సి వచ్చేది.