మామ చెప్పబోయిన మాట

మా మామ, అమ్మ తమ్ముడు, పోయిన మంగళవారం కోయంబత్తూరు ఆసుపత్రిలో కన్నుమూశారు. ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ తగ్గలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "కొత్త గుండె పెట్టినారే, ఇంకేమాయె?" చెప్పి చెప్పి నాకు విసుగెత్తింది.

మామ సింగానల్లూరు బస్టాండులో టైమ్‌కీపరు. ఏ బస్సు ఎన్నింటికో కాగితం చూడకుండా చెప్పేవారు. గుండె బలహీనపడ్డాక మాట మధ్యలో ఆగిపోయేవారు. ఒకరోజు మదురై దాటి ఆండిపట్టి వెళ్లాల్సిన ముసలామెను ఊళ్లోనే తిరిగే గాంధీపురం బస్సు ఎక్కించారు. తాగి వచ్చాడన్నారు తోటివాళ్లు. ఆయన ఏనాడూ తాగలేదు. అది తెలిసీ నేను కసురుకున్నాను.

"కొంచెం కవనంగా, ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉండకూడదా మామా?"

"కవనంగానే ఉండానే పాపా. పేరు నోటిదాకా వస్తాది, అప్పురం పోతాది."

గుండె మార్చాక కాళ్ల వాపు తగ్గింది, మెట్లెక్కారు. మాట మాత్రం వెంటనే రాలేదు. అప్పుడు చెప్పారు డాక్టరు: గుండె నీరసిస్తే మెదడుకు రక్తం చాలదు, అది శక్తిని వాడుకునే తీరే మారిపోతుంది, మార్పిడి తర్వాత మెల్లగా తేరుకోవచ్చు, ఎంతవరకో చెప్పలేం. ఇన్నేళ్లుగా తిరిగిన ఆసుపత్రుల్లో ఈ ముక్క ఒక్కరైనా ముందే చెప్పి ఉంటే ఆయనను అన్ని మాటలు అనేవాళ్లమా?

అప్పటినుంచి రోజూ పొద్దున కాఫీ తాగుతూ మదురై దాకా బస్సు దారిలోని ఊళ్లు వరసగా చెప్పుకొనేవారు. పల్లడం, ధారాపురం... అక్కడ ఆగితే మళ్లీ మొదటికి. నేను అందించబోతే కోపం. "తప్పితే మళ్లా మొదట్నించి చెప్తా. నీకేం అవసరం, అంత తొందర?" ఆరు నెలలకు ఒట్టన్‌చత్రం, దిండుక్కల్ దాటి "మదురై!" అని తొడ చరిచారు. అత్త వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

ఆ తరువాత ఏడాదైనా కాలేదు, జ్వరం వచ్చింది.

చివరిసారి చూసినప్పుడు ఆక్సిజన్ మాస్కు పక్కకు లాగి "పాపా, ఆ..." అన్నారు.

"నీళ్లా మామా? అత్తను పిలవాలా? డాక్టరునా?"

కళ్లు మూసుకుని చిరాగ్గా తల అడ్డంగా ఊపారు. "ఆగమ్మా. నన్నే చెప్పనీ."

ఇంతలో నర్సు వచ్చి మాస్కు సరిగా పెట్టి, టైమయిందని నన్ను బయటికి పంపేసింది. మరునాటికి మామకు స్పృహ లేదు. నర్సు బయటికి పంపిన ఆ రోజు తలుపు అద్దంలోంచి వెనక్కి తిరిగి చూశాను. మాస్కు కింద ఆయన పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి.