మా లంక ఏ దేశంలో ఉంది

మా జీపు చూడ్డానికి అందంగా ఉండేది కాదు. పైన గుడ్డ చిరిగింది, ఒక తలుపు తాడుతో కట్టి ఉండేది. కానీ ఇసుకలో దిగితే ఆగేది కాదు. గోదావరి మధ్య మా లంకలో అప్పటికి ఉన్న నాలుగు చక్రాల బండి అదొక్కటే. అరటి గెలలు రేవుకు చేర్చాలన్నా, నొప్పులొచ్చిన మనిషిని, బండ్లను ఏరు దాటించే పంటు ఎక్కించి కొవ్వూరు ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా అదే దిక్కు. ఇన్సూరెన్సు లేని బండిని పంటు ఎక్కనివ్వమని రేవువాళ్లు తేల్చి చెప్పాక, ఆ కాగితం లేకపోతే జీపు ఉన్నా లేనట్టే.

దాని ధరేమో ఏటేటా పెరుగుతూ వచ్చింది. బండి పాతదని ఒకసారి, ఏరు దాటుతుందని ఒకసారి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక వేసవి ఏకంగా రెట్టింపైంది. నాకు ఒళ్లు మండింది. గడువు ముగిసే రోజున మా ఆయన్ని వెంటబెట్టుకుని ఆ జీపులోనే రాజమండ్రి ఇన్సూరెన్సు ఆఫీసుకు బయల్దేరాను.

దారి పొడవునా ఆయనది ఒకటే గోల. "కొవ్వూరులో మా చెల్లెలి ఇల్లుంది కదే. ఆ అడ్రసు రాయించేస్తే సగానికి సగం తగ్గుద్ది. అందరూ చేసేదదే. మనకెందుకొచ్చిన గొడవ?"

నిజమే, లంకల్లో బండి ఉన్నవాళ్లంతా గట్టు మీది చుట్టాల అడ్రసే రాయించేవారు.

"రేపు పంటు మీంచి జారి ఏట్లో పడితే, కొవ్వూరు బండికి ఏట్లో ఏం పనండీ అంటారు. అప్పుడు మీ చెల్లెలొచ్చి చెబుద్దా?" అన్నాను.

అది పైకి చెప్పిన కారణం. నేను పుట్టిందీ మెట్టిందీ ఆ లంకలోనే. బతికేది ఒకచోట, చెప్పుకునేది ఇంకోచోట అంటే నాకు సరిపడదు.

ఆఫీసరుగారు కొత్తగా బదిలీ మీద వచ్చినవారు. ఎందుకింత పెరిగిందని అడిగితే కాగితాలు ఓపిగ్గానే చూసి చెప్పారు.

"రెండు అదనాలు పడ్డాయండి. రోడ్డు లేని చోట తిరిగే బండని ఒకటి. దేశం దాటే బండని ఇంకోటి."

"ఏ దేశం దాటిందండీ?"

ఆయన కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశారు. "శ్రీలంక అని ఉందండి."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మా ఆయనా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎక్కడో బొంబాయిలో వాళ్ల పెద్దాఫీసులో కూర్చున్నవాళ్లెవరో మా అడ్రసులో లంక అన్న మాట చూసి, మమ్మల్ని సముద్రం అవతలికి నెట్టేశారు.

"మా లంకకి పాస్‌పోర్టు అక్కర్లేదండి. పంటు టికెట్టు చాలు," అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "పొరపాటేనండి. కానీ దిద్దాలంటే పై ఆఫీసుకి రాయాలి, వారం పడుతుంది. గట్టు మీద వేరే అడ్రసేదైనా ఉంటే చెప్పండి, ఇప్పుడే ఇచ్చేస్తాను."

మా ఆయన నోరు తెరిచారు. నేను చూసిన చూపుకి మళ్లీ మూసుకున్నారు.

"అడ్రసు మార్చనండి. మేం ఎక్కడికీ కదల్లేదు, మీవాళ్లే కదిపారు. మీరే వెనక్కి తీసుకురండి. అందాకా ఇక్కడే కూర్చుంటాను."

కూర్చున్నాను. భోజనాల వేళ దాటిపోయింది. చివరికి ఆఫీసరుగారే ఫోనందుకుని, లంక అంటే గోదావరి మధ్యలో ఉండే ఊరని ఇంగ్లీషులో ఒకసారి, హిందీలో ఒకసారి అవతలివాళ్లకి అరిచి చెప్పారు. సాయంత్రానికి శ్రీలంక పోయింది.

"రోడ్డు లేనందుకు వేసింది మాత్రం తీయలేనండి," అన్నారు.

"రోడ్డు వేయనిది సర్కారు. బురదలో దిగబడేది మేము. దానికి కట్టేదీ మేమే," అన్నాను. కట్టాను. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

తిరిగొస్తుంటే కొవ్వూరు రేవులో, ఆ ఏడాదే వేలంలో రేవు దక్కించుకున్న కొత్త మనిషి చీటీ రాస్తూ అడిగాడు. "ఏ ఊరి బండండీ?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నారు.

"లంకండి," అన్నారు. ఒక క్షణం ఆగి, "ఇండియాలోదే," అన్నారు.