ఉప్పు సారు పెట్టె

ఉదయం ఆరింటికి అనంతపురంలో కదిరి బస్సెక్కాను. తమ్ముడు పోయి ఏడాది కావస్తోంది. తనకల్లు దగ్గరి పల్లెలో, ఒక రైతు ఇంట్లో వాడు పెట్టి వచ్చిన దీపం పెట్టెను తేవడానికి ఈ ప్రయాణం.

వాడు బెంగుళూరులో ఒక ప్రయోగశాలలో పనిచేసేవాడు. వేడి చేయకుండానే నూనెలా ద్రవంగా ఉండే ఉప్పు మీద వాడి పరిశోధన. ఆ ఉప్పు నింపిన పెట్టె సగం బ్యాటరీ, సగం కెపాసిటర్. సోలార్ పలక నుంచి కరెంటును చప్పున అందుకుంటుంది, చీకటి పడ్డాక మెల్లగా వదులుతుంది. “మన ఎండకు ఇది ఆవిరైపోదక్కా” అనేవాడు. ప్రయోగశాల దాటి బయటికి వచ్చింది ఆ ఒక్క పెట్టే. అదింకా వెలుగుతుంటే పని కొనసాగిస్తామని, లేకపోతే ఆపేస్తామని వాడి తోటివాళ్లు చెప్పారు.

ముదిగుబ్బలో ఎక్కిన పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. “తనకల్లుకా? మేమే కూలికని బెంగుళూరు పోతాండాం. ఆడ యేముండాదని పోతాండావమ్మా?” అని నవ్వాడు.

తొమ్మిదికి కదిరి. బస్టాండు పక్కన బొరుగుల ఉగ్గాని తిన్నాను. అందులో మిరపకాయ బజ్జీ నలుపుకుని తినడం తమ్ముడి అలవాటు. నేనూ అలాగే తిన్నాను. మదనపల్లె బస్సులో తనకల్లు, అక్కడి నుంచి ఆటో. దారి పొడుగునా విత్తనం పడని చేన్లు.

“ఉప్పు సారు అక్కవా? రామ్మా!” అని ఆ రైతు రామాంజులు మంచం వాల్చాడు. అతని భార్య లచ్చుమక్క చెంబుతో నీళ్లిచ్చింది. ఒక గుక్క తాగి, చాలన్నాను.

“అచ్చం తమ్ముని మాదిరే” అంది.

గూట్లో ఉన్న పెట్టె పక్కలు ఉబ్బి, మూత లేచి ఉంది.

“రెండు ఎండాకాలాలు బాగా వెలిగె తల్లీ. మొన్న రోంత మసకబారితే నీళ్లు పోస్తిమి. మా టేపురికార్డరుకు తగిలించిన ట్రాక్టరు బ్యాటరీకి పోస్తాంటిమి గదా” అంది లచ్చుమక్క.

“పోయొద్దని వాడు చెప్పలేదా?”

“చెప్పినాడు. ఆయప్ప మొహమాటం మనిషి గదమ్మా. ఎండన పడి వచ్చి కూడా ఒగ గుక్క తాగి చాలనేటోడు. మాకు నీళ్లకు కష్టమని దీనిగ్గూడా వద్దనె అనుకొంటిమి. బోరునీళ్లు కాదు తల్లీ, దుడ్డిచ్చి కొన్న ట్యాంకరు నీళ్లే పోస్తిమి.”

“ఆ ఉప్పుకు నీళ్లు పడవు” అన్నాను.

రామాంజులు భార్య వైపు తిరిగాడు. “చెప్తి గదనే!”

“చెంబు తెచ్చిచ్చింది ఎవురంట?”

నేను పక్కన పెట్టిన చెంబు తీసుకుని, మిగిలిన నీళ్లన్నీ తాగాను.

తిరుగు బస్సులో పెట్టెను ఒళ్లో పెట్టుకున్నాను. ఇది ఎండకు చెడలేదని, నీళ్లు పోస్తే చెడిందని వాడి తోటివాళ్లకు చెప్పాలి. నమ్ముతారో లేదో.

అటు వెళ్లేవారు తనకల్లులోనే భోజనం చేసి వెళ్లండి. ఎవరైనా చెంబుతో నీళ్లిస్తే మాత్రం చాలనకండి. మొత్తం తాగండి.