కుడివైపు అడుగు

ఫారో దీవుల్లోని శాండూర్ ఊళ్ళో పండుగ వచ్చిందంటే పాట ఎత్తుకోవాల్సింది మాలన్ అనే ఆవిడే. అక్కడి ఆటకు వాయిద్యాలుండవు. వలయంగా చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఎడమకు రెండడుగులు, కుడికి ఒకడుగు వేస్తూ, చెక్క నేల దద్దరిల్లేలా తొక్కుతూ పాడుకోవడమే. ముందున్న మనిషి చరణం అందుకుంటే, పల్లవి అందరిదీ. ఓడ మునగడంతో మొదలై పెళ్ళితో ముగిసే ఒక పెద్ద కథాగేయం మాలన్‌కు తప్ప ఊళ్ళో ఎవరికీ పూర్తిగా రాదు. ఆమె మరిది హానుస్‌కు ఓడ మునిగేదాకా వచ్చు. ఆ తర్వాత ఆయనా మునుగుతాడు.

అలాంటి మాలన్‌ను ఆ చలికాలం ఎడమ మోకాలి నొప్పి పట్టుకుంది. మెట్లు దిగితే చిప్ప వెనక సూది గుచ్చినట్టుండేది. కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాలి, ఎవరినో ఒకరిని తిట్టాలి.

“కూర్చునే పాడరాదూ వదినా? నిన్నెవరు వద్దన్నారు?” అన్నాడు హానుస్.

పాడి చూసింది. రెండు చరణాలు కాగానే బుర్ర ఖాళీ. “నా మొహం! పాట నా నోట్లో ఉంటేగా! కాళ్ళలో ఉందయ్యా అది. అడుగు పడకపోతే మాట రాదు,” అంది. నవ్వుతూనే అంది గానీ, ఆ రాత్రి ఆమెకు భయమేసింది. వేసవి పండుగనాటికి తను నిలబడకపోతే ఆ పాట సగంలోనే ఆగిపోతుంది, ఇక ఎప్పటికీ అంతే.

పెద్దమ్మ కూతురికి కూతురు రాన్వా ఆ దీవి ఆస్పత్రిలోనే ఫిజియోథెరపిస్టు. ఆ పిల్ల మోకాలు ముట్టుకోనైనా లేదు. ఎడమకాలి మీద ఒంటికాలితో నిలబడమంది. మాలన్ నిలబడింది. నడుం కుడిపక్కకు జారింది, మోకాలు లోపలికి తిరిగింది.

“పిన్నీ, తన్నులు తింటున్నది మోకాలు. తప్పు మాత్రం తుంటిది.”

“అదేం అన్యాయమే!”

“తుంటి పక్కన ఒక కండ ఉంటుంది. ఒంటికాలి మీద బరువు పడ్డప్పుడు నడుం జారకుండా పట్టుకోవడం దాని పని. అది వదిలేస్తే తొడ ఎముక లోపలికి తిరుగుతుంది, మోకాలి చిప్ప దాని గాడిలో తిన్నగా నడవకుండా అంచును ఒరుసుకుంటుంది. సరే, ఇన్నేళ్ళూ ఫ్యాక్టరీలో చేపలు కోసేటప్పుడు ఎలా నిలబడేదానివో చూపించు.”

మాలన్ చూపించింది. బరువంతా ఎడమకాలి మీద, తుంటి పక్కకు నెట్టి, హాయిగా.

“అదిగో! కండకు పనిచెప్పకుండా ఎముకల మీద వేలాడావు. ఆటలోనేమో ఎడమకే పోతావు. అప్పుడు మోసేదీ తోసేదీ కుడికాలే. అది గట్టిపడింది, ఇది బద్ధకించింది.” అంటూ రాన్వా ఒక రబ్బరు పట్టీ తెచ్చి మోకాళ్ళ పైన బిగించింది. “కొంచెం వంగు. ఇప్పుడు కుడివైపుకు అడుగెయ్యి.”

“కుడికా? మనవాళ్ళెవరైనా కుడికి పోతారటే?”

“నువ్వు పోతావు.”

పోయింది, ఏం చేస్తుంది! ఊరికే నడవడం చేతకాదు కనుక పాట ఎత్తుకుంది. అక్కడొచ్చింది తంటా. కుడికి పోతుంటే చరణాలన్నీ కలగాపులగమయ్యాయి. పెళ్ళికూతురు మునిగిపోయింది, ఓడకు పెళ్ళయింది. రాన్వా పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే నేలమీద బాసింపట్టు వేసుకుని, ఆ మోకాలి మీంచి చూపు తిప్పకుండా, “లోపలికి పోతోంది పిన్నీ, బయటికి! మళ్ళీ మొదట్నుంచి!” అనేది. చలికాలమంతా ఇదే గోల. కాలు తప్పితే రాన్వా ఆపేది, మాట తప్పితే మాలన్ ఆగేది, మళ్ళీ మొదటికి పోయేవారు. వసంతం వచ్చేసరికి మాలన్ కమ్మీ పట్టుకోకుండానే మెట్లు దిగుతోంది. కుడికి పోతూ కూడా పెళ్ళిదాకా పాడేస్తోంది.

పండుగ సాయంత్రం ఇంకా ఎండ కాస్తుండగానే ఆటశాల కిక్కిరిసింది. మాలన్ చెయ్యి హానుస్ పట్టుకున్నాడు. పాట మొదలైంది, నేల మోగింది. ఓడ మునిగింది, హానుస్ నోరు మూశాడు, మాలన్ గొంతు ఒక్కటే ముందుకు సాగింది. మోకాలు చెక్కుచెదరలేదు. ఆ సంబరంలోనే ఆమె ఒళ్ళు మరిచి, చలికాలపు అలవాటుకొద్దీ, కుడికి గబగబా రెండడుగులు వేసి హానుస్‌ను గుద్దేసింది.

“వదినా, ఎటు పోతున్నావమ్మా!” అని హానుస్ కేకేశాడు. వలయమంతా ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఘొల్లుమంది. మాలన్ కూడా నవ్వింది. నవ్వి చూసుకుంటే తర్వాతి చరణం లేదు.

జనం పల్లవి పాడారు. ఆమెకు గుర్తు రాలేదు. మళ్ళీ పాడారు, ఈసారి కొంచెం నెమ్మదిగా. అయ్యో, కాలు బాగుపడి కూడా పాట పోయింది, అనుకుంది మాలన్.

వలయం అవతలి వైపునుంచి ఎవరో ఆ చరణం అందుకున్నారు. సన్నని గొంతు, శ్రుతి అంతంత మాత్రం. మాట మాత్రం ఒక్కటీ తప్పలేదు. ఆ చరణం అయ్యి, దాని తర్వాతిది కూడా వచ్చింది. మాలన్ తల తిప్పి చూసింది. రాన్వా ఎడమకు అడుగేస్తూ, సిగ్గుతో మొహం కందిపోయినా, ఆపకుండా పాడుతోంది.

మాలన్ కళ్ళు నిండాయి. ఆమె కూడా గొంతు కలిపింది. పెళ్ళి అయ్యేదాకా ఇద్దరూ పాడారు.

ఆట ముగిశాక మాలన్ గుంపును తోసుకుంటూ వెళ్ళి ఆ పిల్ల భుజాలు పట్టుకుంది.

“దొంగముండా! చలికాలమంతా నా మోకాలే చూస్తున్నావనుకున్నానే!”