మోకాలి ఎత్తున గోడ చప్పుడు

అమెరికా ఎడారి నగరం టూసాన్ పాత పేటల్లో మట్టిగోడల ఇల్లు కొనదలచినవాళ్లు ముందు బసీలియా మొంతీహో గుమ్మం తొక్కేవారు. బ్యాంకు గడప ఆ తర్వాత. అరవై ఎనిమిదేళ్ల మనిషి, పొట్టి, నడిస్తే కాస్త పక్కకి ఒరుగుతుంది. కుడిచేతి మధ్యవేలి కణుపు మీద చింతగింజంత కాయ కాచి ఉండేది. ఆమె పనిముట్టు అదొక్కటే.

ఇంట్లోకి రాగానే మంచినీళ్లు అడిగి తాగి, ప్రతి గోడ దగ్గరా మూడుసార్లు కణుపుతో కొట్టేది. తల ఎత్తున ఒకసారి, నడుము ఎత్తున ఒకసారి, ఆఖరున ఓ చేయి గోడకి ఆనించి మూలుగుతూ వంగి, మోకాలి ఎత్తున ఒకసారి. గట్టి మట్టయితే గుమ్మడికాయ తట్టినట్టు నిండుగా పలికేది. పుచ్చిన గోడ డొల్లగా పలికేది. "కొనుక్కో" అనో "వద్దు, పో" అనో ఒక్క మాట చెప్పేది. డబ్బు పుచ్చుకునేది కాదు. ఎవరైనా తీపి రొట్టె తెస్తే కాదనేది కాదు.

తండ్రి ఇటుకలు కోసేవాడు. బంకమన్నులో గడ్డి కలిపి తొక్కి, చెక్క అచ్చుల్లో పోసి, నేల మీద ఆరబెట్టేవాడు. కాల్చడమన్నది లేదు, ఎడారి ఎండే వాళ్ల బట్టీ. బసీలియా పన్నెండేళ్లకే నాగజెముడు మట్టలు తరిగి నానేసి, ఆ జిగురుతో సున్నం కలిపేది. ఆ పూత ఉన్న గోడ వానకి తడిసేది, మర్నాటి ఎండకి ఆరేది. ఏడాదికోసారి మళ్లీ పూసుకునేవారు. చాకిరీయే, కానీ గోడ వందేళ్లు నిలిచేది.

తర్వాత సిమెంటు వచ్చింది. పేటలోకి దాన్ని తెచ్చినవాడు ఆమె మొగుడు ఫాకుందో. అందగాడు, మాటకారి, మంచి మేస్త్రీ. అప్పటికి పేటలో సగం నగరపాలకుల బుల్డోజర్ల కింద పోయింది. మిగిలినవాళ్లకి కంటి మీద కునుకు లేదు. మట్టి కనబడిన ఇంటిని శిథిలమని రాసుకుపోతారన్న భయం. "గోడకి కోటు తొడుగుతా, ఏ ఆఫీసరు వచ్చినా టోపీ తీసి పలకరిస్తాడు" అని ఫాకుందో ఇల్లిల్లూ తిరిగాడు. పద్నాలుగు ఇళ్లకి తొడిగాడు. ఆ ఇళ్లు నిలిచాయి. ఫాకుందో పేటని కాపాడాడని జనం చెప్పుకున్నారు. పోయినప్పుడు శవపేటిక మోయడానికి పోటీపడ్డారు.

ఆయన పోయిన నాలుగేళ్లకి బసీలియా తన ఇంటి వెనకగోడకి మేకు కొట్టబోతే, సుత్తి మొత్తం లోపలికి దిగిపోయింది. సిమెంటు పెంకు వెనక మట్టి లేదు. నేల పీల్చిన చెమ్మ మోకాలి ఎత్తుదాకా ఎక్కి, బయటికి దారి లేక, లోపలే ఇటుకని నానబెట్టి పిండి చేసింది. ఆమె ఆ గోడ పెంకంతా తనే ఊడగొట్టి, పుచ్చిన ఇటుకలు మార్చి, సున్నం పూసుకుంది. ఎందుకని అడిగినవాళ్లకి "పనీపాటా లేక" అంది. ఫాకుందో పేరు ఎత్తలేదు.

కానీ ఆనాటినుంచే ఇళ్లు కొనేవాళ్ల వెంట వెళ్లి గోడలు కొట్టడం మొదలుపెట్టింది. తనకి తానే నేర్చుకున్న చదువుతో ఒక కాగితం కూడా రాసింది. లైబ్రరీలో నకళ్లు తీయించి అడిగినవాళ్లకి ఇచ్చేది. అందులో ఇలా ఉండేది:

"ఎండాకాలం చూసి ఇల్లు కొనకు, వాన వెలిసిన మర్నాడు వెళ్లు. నది వైపు పేటల్లో పునాది రాయో మట్టో అడుగు. రైలు పట్టాల వైపు కిటికీ మూలలు చూడు, పగులు వేలు పట్టేంత ఉంటే తిరిగి వచ్చెయ్యి. పైకప్పులో జెముడు ఈనెలు కనబడితే సంతోషించు, పీకేయకు. గోడ చల్లగా ఉంటే మంచిదే, చెమ్మగా ఉంటే కాదు. రంగు చూసి మోసపోకు. ఎవరేం చెప్పినా మోకాలి దగ్గర కొట్టి చూడు."

పదకొండేళ్లలో ఆమె "కొనుక్కో" అన్న ఇల్లు ఒక్కటీ కూలలేదు.

తొంభై ఎనిమిది మే నెలలో దొమితిలా ఇల్లు అమ్మకానికి పెట్టింది. దొమితిలా కొడుకు బాప్తిస్మంలో వాణ్ణి ఎత్తుకున్నది బసీలియా. అందుచేత ఇద్దరూ ఒకరికొకరు కొమాద్రేలు. తోడబుట్టినదానితోనైనా పోట్లాడొచ్చు గానీ కొమాద్రేతో కూడదంటారు ఆ పేటలో. దొమితిలాకి మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం చేయించుకోవాలి. తీసుకెళ్లి తీసుకొచ్చే దిక్కు లేదు. దూరాన యూమా ఊళ్లో ఉన్న కొడుకు రమ్మంటున్నాడు, కానీ ఇల్లు అమ్మితేనే అక్కడ ఆమెకొక గది కట్టగలడు.

దొమితిలా పెరటి బల్ల మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. కాళ్లు వాచి ఉన్నాయి.

"రేపెవరో మొగుడూపెళ్లాలు వస్తున్నారు. నీ కాగితం పట్టుకుని మరీ. ఏం రాశావే అందులో, సువార్త అనుకుంటున్నారు జనం!"

"గోడలు చూసుకోమని రాశాను."

"చూసుకోమను. నాకేం భయం?" అని, కాళ్లు సర్దుకుని, "పడమటి గోడ ఎలా ఉంది కొమాద్రే?" అంది.

బసీలియా కాయ కాచిన కణుపు నిమురుకుంది. రెండేళ్ల కిందట, దొమితిలా వంటింట్లో ఉండగా, ఆ గోడని ఆమె మోకాలి ఎత్తున కొట్టి చూసింది.

"చెప్పక్కర్లేదులే, నీ మొహం చెబుతోంది. ఆ గోడ పూసిందెవరు? నా మొగుడా? వద్దు ఫాకుందో, సున్నం చాలు అన్నాన్నేను. నవ్వాడు. ఆయన నవ్వితే కాదనే ఆడది ఉందా ఈ పేటలో? ఇప్పుడు ఆయన పెళ్లాం వచ్చి నా గోడ పుచ్చిందని చాటింపు వేస్తుంది. బాగుంది!"

"వాళ్లకి పిల్లలున్నారా?"

"లేరు. నన్నడక్కు. నేను ఈ బల్ల మీదే చచ్చిపోతే పూడ్చడానికి రా, అది చాలు."

మర్నాడు ఆ దంపతులు ఎవరిస్తో, అరసేలి వచ్చారు. ఎవరిస్తో నగరపు బస్సుల షెడ్డులో మెకానిక్కు. గోళ్లలో గ్రీజు వదలని మనిషి. అరసేలి ఒక హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. సన్నగా, నవ్వుమొహంతో, బసీలియా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో పెట్టుకొచ్చింది.

"నేను ఇంజను చప్పుడు విని రోగం చెబుతాను దోన్యా," అన్నాడు ఎవరిస్తో, పెద్దావిడల్ని ఆ పేటలో పిలిచే మర్యాద పిలుపుతో. "మీరు గోడలకి డాక్టరట కదా. ఒకే వృత్తి మనది."

"నీ రోగి కనీసం కదులుతుంది నాయనా," అంది బసీలియా. అందరూ నవ్వారు. దొమితిలా మరీ గట్టిగా నవ్వింది.

తూర్పు గోడ మూడు దెబ్బలు. నిండుగా పలికింది. ఉత్తరపు గోడ మూడు దెబ్బలు. పడమటి గోడ దగ్గరికి వచ్చేసరికి బసీలియాకి దాహం వేసింది. మళ్లీ నీళ్లు అడిగి తాగింది. తల ఎత్తున కొట్టింది. బాగుంది. నడుము ఎత్తున కొట్టింది. ఫరవాలేదు. గ్లాసు దొమితిలాకి ఇచ్చి పక్కగదిలోకి నడవబోయింది.

"దోన్యా," అంది అరసేలి, మొహమాటంగా. కాగితం విప్పి చూపించింది. "మోకాలి దగ్గర కొట్టలేదు కదా?"

దొమితిలా గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నిండా నలభై లేని అరసేలి వేలు ఆఖరి వాక్యం మీద ఉంది.

"అక్కర్లేదమ్మా," అంది బసీలియా. "ఈ గోడ మా ఆయన పూశాడు. నాకు తెలుసు."

అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. దారిపొడవునా ఆ సంగతే తనకి తాను చెప్పుకుంటూ ఇంటికి వెళ్లింది. రాత్రి దొమితిలా ఫోను చేసి, వాళ్లు ఇల్లు కొంటామన్నారని చెప్పి ఏడ్చింది. "దేవుడు నీ చేతులు చల్లగా చూడాలి" అంది. బసీలియా చేతులకేసి చూసుకుంది. వాళ్లు చేరాక వెళ్లి, గోడ కింది పెంకు తనే ఊడగొట్టి మరమ్మతు చేయిద్దామనుకుంది. చెప్పేటప్పుడు ఏమని చెప్పాలో తెలియక ఒక వారం ఆగింది. తర్వాత ఇంకో వారం.

జులైలో వానలు మొదలయ్యాయి. ఆ ఏడు వరసగా మూడు మధ్యాహ్నాలు, ఒకదాన్ని మించి ఒకటి, వీధుల్లో మోకాలి లోతు నీళ్లు పారించి వెళ్లాయి. మొదటిరోజు బసీలియా గొడుగు తీసుకుని గుమ్మందాకా వెళ్లి, వీధి దాటలేక వెనక్కి వచ్చింది. నాలుగో రోజు ఎండ కాసింది. వానకి తడిసిన ఎడారి పొదల వాసన ఊరంతా నిండింది. మధ్యాహ్నం మూడింటికి పడమటి గోడ కింది సగం మొదట ఇంట్లోకి జారింది. దాని మీద పై సగం, దాని మీద దూలం. సిమెంటు పెంకు కోడిగుడ్డు డొల్లలా పగిలి పెద్ద పెద్ద పలకలుగా పడింది. ఆ గోడ చల్లగా ఉంటుందని అరసేలి ఇస్త్రీ బల్ల అక్కడే వేసుకుంది.

ఎవరిస్తో షెడ్డునుంచి వచ్చేసరికి పక్కింటివాళ్లు మట్టి తవ్వుతున్నారు.

అరసేలి ఖననం తర్వాత తొమ్మిది సాయంత్రాలు ఎవరిస్తో అక్కగారింట్లో జపమాల చెప్పారు. బసీలియా తొమ్మిది రోజులూ వెళ్లింది. రోజూ చిక్కుడు గింజల కూర వండి తీసుకెళ్లింది. అక్కడ అందరూ ఆమెకి కుర్చీ ఇచ్చేవారు. రెండోరోజు ఎవరిస్తో తన బంధువులకి ఆమెని చూపించి, "ఈవిడే కొట్టి చూశారు. ఈవిడకే అందలేదంటే ఇక మనిషన్నవాడికి అందేది కాదు. దేవుడి రాత" అన్నాడు. ఆ మాట అతనికి ఆసరా. రోజుకి నలుగురైదుగురికి చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా బసీలియా పూసలు వేళ్లలో ఆగిపోయేవి.

తొమ్మిదో రోజు జపం అయ్యాక జనం కాఫీలకి వెళ్లారు. ఎవరిస్తో వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"రోజూ వచ్చారు దోన్యా. మీ వయసులో. అరసేలికి మీరంటే ఎంత గౌరవమో."

"నేను మోకాలి దగ్గర కొట్టలేదు," అంది బసీలియా.

"మీ ఆయన పూశారని..."

"అందుకే కొట్టలేదు. కొడితే ఏమని పలుకుతుందో నాకు తెలుసు. రెండేళ్ల ముందునుంచీ తెలుసు."

వంటింట్లో ఎవరో గిన్నెలు సర్దుతున్నారు.

"అరసేలి అడిగింది," అన్నాడు ఎవరిస్తో. "నేను బయటికొచ్చాక తిట్టాను కూడా. పెద్దావిణ్ణి అలా నిలదీస్తావా, సిగ్గు లేదా అని." "చప్పుడు వినే మనిషిని నేను. చప్పుడు తెలిసిన మనిషి మీరు!"

"నన్ను ఏమన్నా అను నాయనా."

"ఏమనాలి? ఏమంటే మీకు తేలిక?" అతను తలెత్తాడు. "మీ ఆయన ఇంకెన్ని ఇళ్లకి పూశాడు?"

"మొత్తం పద్నాలుగు. ఒకటి నాది. ఒకటి..."

"పన్నెండు. వాటిలో మనుషులున్నారా?"

"ఉన్నారు."

"వాళ్లకి చెప్పారా?"

బసీలియా తల అడ్డంగా ఊపింది.

"మరి తొమ్మిది రోజులుగా ఇక్కడ కూర్చుని పూసలు తిప్పుతున్నారేం?" అన్నాడు ఎవరిస్తో. గట్టిగా అనలేదు. లేచి, ఆమె కూర గిన్నె తెచ్చి ఆమె ఒళ్లో పెట్టి, తలుపు తీసి పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె బయల్దేరింది. మొదటి ఇంట్లో ముసలి దంపతులు. "ఎవరైనా కొనడానికి వస్తున్నారా దోన్యా? మేం అమ్మడం లేదే" అన్నారు నవ్వుతూ. ఆమె నీళ్లు అడగలేదు. తల ఎత్తునా, నడుము ఎత్తునా కూడా కొట్టలేదు. గోడకి చేయి ఆనించి వంగి, కింద కొట్టింది. డొల్లగా పలికింది. ఉన్నదున్నట్టు చెప్పింది, ఫాకుందో పేరుతో సహా. ముసలాయన తన కుర్చీ ఆ గోడ దగ్గరనుంచి జరుపుకున్నాడు గానీ ఆమెకి వేరే కుర్చీ చూపించలేదు.

రెండో ఇంట్లో తిట్టారు. మూడో ఇంటివాళ్లు, "మా ధర పడగొట్టడానికి వచ్చావా? చచ్చిన మొగుడి పరువు తీసుకునే ఆడదాన్ని ఇప్పుడే చూస్తున్నా" అని మొహం మీద తలుపు వేశారు. సాయంత్రానికి సంగతి యూమాదాకా పాకింది. దొమితిలా ఫోను చేసి, "నోరు మూసుకుంటే పోయేదానికి! ఇక నన్ను కొమాద్రే అని పిలవకు" అని పెట్టేసింది.

పన్నెండిళ్లలో నాలుగు మాత్రమే పెంకు ఊడగొట్టుకున్నాయి. మిగతావి ఎనిమిది అలాగే ఉన్నాయి, తెల్లగా, నునుపుగా. ఇళ్లు కొనేవాళ్లెవరూ ఇప్పుడామెని పిలవరు. జులై వచ్చి వాన వెలిస్తే మాత్రం, మర్నాడు పొద్దున బసీలియా ఆ ఎనిమిది ఇళ్ల బయటి గోడల వెంట వంగి వంగి కొట్టుకుంటూ వెళుతుంది. కుక్కలు మొరుగుతాయి, కిటికీలోంచి ఎవరో ఒకరు పొమ్మంటారు. "ఇవాళ ఈ గోడ పక్కన పడుకోకండి" అని కిటికీకి చెప్పి, ఆమె తర్వాతి గోడకి నడుస్తుంది.