తాత్కాలికంగా ఇక్కడ ఉంటున్న మామ్మగారు

పై అంతస్తు మామ్మగారు పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను వంటింట్లో నిలబడి ఏడ్చాను. మా ఇంట్లోవాళ్ళు అది వంటింటి కోసం ఏడుపనుకున్నారు.

ఆవిడ చెల్లెలి కూతురు స్ట్రాస్‌బర్గ్ నుంచి ఫోన్ చేసి చెప్పింది. ఆసుపత్రిలో, నిద్రలోనే. ఫోన్ పెట్టేసేసరికి మా ఆయన వెనకాలే ఉన్నాడు.

"ఏడవకు. వంటింటి అరలకి నువ్వన్న గ్రే కలరే ఫైనల్ చేద్దాం. శుక్రవారం కొలతలు తీసుకోవడానికి వస్తానని టెర్మిన్ ఇచ్చారుగా," అన్నాడు.

విషయం చెప్పాను. "అయ్యో," అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. కానీ సాయంత్రం అత్తగారు వీడియో కాల్‌లో నా మొహం చూసి, "పాపం, వచ్చినప్పట్నుంచీ ఆ పాత పొయ్యి మీదే కదరా వండుతోంది, విసుగు రాదూ?" అంటే, అవునన్నట్టు తలాడించాడు.

జర్మనీలో అద్దెకు దిగినవాళ్ళకి ఈ బాధ తెలుసు. వంటగది అంటే నాలుగు గోడలూ ఒక నీళ్ళ గొట్టమూ ఇస్తారు. అరలు, సింకు, పొయ్యి మనమే కొని బిగించుకోవాలి, ఖాళీ చేసేటప్పుడు ఊడదీసుకుపోవాలి. అందుకే ఇక్కడ మనవాళ్ళు ఎవరైనా వంటగది కొన్నారంటే ఇక స్థిరపడ్డారని లెక్క. నాకు వంటగది కొనిస్తే నేను కుదురుకుంటానని మా వాళ్ళ నమ్మకం. నేను కుదురుకోకపోవడానికి అది లేకపోవడమే కారణమని కూడా.

మామ్మగారు నాకు మెట్ల మీద పరిచయమయ్యారు. కార్ల్స్‌రూహె వచ్చిన మొదటి చలికాలం అది. ఇంట్లో సిగ్నల్ సరిగా రాక మెట్ల మీద కూర్చుని, "నాకిక్కడ ఊపిరాడట్లేదే అమ్మా" అని ఫోన్‌లో గొణుగుతున్నాను. పైనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏ ఊరే పిల్లా మీది?"

"కాకినాడండి."

"మాది యానాం. ఊపిరాడకపోతే పైకి రా. నా కిటికీలు పెద్దవి."

తలెత్తి చూస్తే గౌను, మెడలో చిన్న శిలువ, పిల్లికళ్ళు. యానాం ఇంకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండగా పుట్టారావిడ. ఫ్రాన్సులో నర్సు చదువు చదివి, ఒక్క చలికాలం పని చేద్దామని రైను నది దాటి ఈ ఊరి ఆసుపత్రికి వచ్చారు. రిటైరయ్యేదాకా ఆ ఆసుపత్రిలోనే ఉన్నారు.

వాళ్ళ వంశానికి మూలపురుషుడు యానాంలో తొలినాళ్ళలో దిగిన ఫ్రెంచి దొరల్లో ఒకడు. తెల్లగుర్రం మీద తిరిగిన కెప్టెన్ అని వాళ్ళ నాన్న చెప్పేవారట. ఆ గుర్రం సంగతి తేల్చాలని మామ్మగారి పట్టుదల. నేను చరిత్రలో ఎమ్మే చేశాను. పెళ్ళిచూపుల తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు. మామ్మగారు ఎత్తారు. "చదివిన చదువు తుప్పు పట్టిపోద్ది, లాప్‌టాప్ తీసుకుని రా," అన్నారు.

పాత యానాం చర్చి పుస్తకాల ఫొటోలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఆవిడకి చూపు ఆనదు, నాకు ఫ్రెంచి రాదు. నేను పెద్దది చేసుకుని ఒక్కో అక్షరం పైకి చదివేదాన్ని. ఆవిడ కళ్ళు మూసుకుని, ఒళ్ళోని పళ్ళెంలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, వాటిని మాటలుగా కలిపేవారు. "ఆగాగు, అది యు కాదు, ఎన్ అయ్యుంటాది. ఈ ఫాదరు కలం కడుక్కునే రకం కాదు."

గుర్రం దొరకలేదు. దొర బట్టల బేళ్ళు లెక్కపెట్టే గుమాస్తాగా తేలాడు. మామ్మగారు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. "గుమాస్తానా! మా నాన్న ఈ ముక్కు పైకెత్తుకుని ఊరంతా తిరిగాడే."

ఆ గుమాస్తా మొదటి బిడ్డ జ్ఞానస్నానం దగ్గర పేరు, ఊరు, ఉద్యోగం, ఆ తర్వాత ఇంకేదో రాసి ఉంది. రెండో బిడ్డ దగ్గరా అదే. ఆఖరి బిడ్డ దాకా వచ్చేసరికి ఆ అక్షరాలు నాకు బట్టీ వచ్చేశాయి. అర్థం అడిగాను.

"తాత్కాలికంగా ఇక్కడ ఉంటున్నవాడు," అన్నారు మామ్మగారు.

ఆయన్ని సమాధి చేసిన రోజు రాసిన పంక్తిలోనూ అదే ఉంది. ఆవిడ పళ్ళెం కింద పెట్టేశారు.

"మరెందుకు ఉండిపోయాడు మామ్మగారూ?"

"ఉండిపోవడమేంటే. వెళ్ళలేదంతే. వచ్చే ఓడకి చూద్దాం అనుకునుంటాడు." నా వైపు తిరిగి, "నీ మ్యూనిక్ సంగతేమైంది?" అన్నారు.

మ్యూనిక్‌లో చరిత్ర చదవడానికి కిందటేడు వచ్చిన సీటు వదులుకున్నాను. ఈ ఏడు మళ్ళీ వచ్చింది.

"వచ్చే ఏడాది చూద్దాం అంటున్నారండి మా ఆయన."

"అతని సంగతి కాదు. నువ్వేమంటున్నావ్?"

"నేనూ అదే అంటున్నాను."

"అయితే నీ పేరు పక్కన కూడా రాయించుకో ఆ ముక్క."

నాకు కోపం వచ్చింది. గిన్నెలు తీసి కడగడానికి స్నానాల గదిలోకి వెళ్ళాను. ఆవిడ ఇంట్లో గిన్నెలు కడిగేది అక్కడే. వంటగదిలో ఒక బల్ల, దాని మీద రెండు పొయ్యిల కరెంటు స్టవ్వు, అంతే. ఒకదాని మీద అన్నం, ఒకదాని మీద రొయ్యల ఇగురు. కాఫీ కావాలంటే ఏదో ఒకటి దిగేదాకా ఆగాలి. జీవితమంతా అలాగే వండుకున్నారు.

తిరిగి వచ్చేసరికి మామ్మగారు వంటగది గోడ దగ్గర నిలబడి ఉన్నారు. గొట్టం పక్కన వెలిసిపోయిన పెన్సిల్ గీతలు నాకు చూపించారు.

"అరలు బిగించడానికి మేస్త్రీ వచ్చి కొలతలు తీశాడు. అప్పుడే సెలవు దొరికింది. యానాం వెళ్ళొచ్చాక చూద్దాంలే అన్నాను." గీత మీద వేలు పెట్టి నడిపించారు. "అటు తిరిగి వెళ్ళిపోయిందీ లేదు, ఇటు ఇల్లు కట్టుకుందీ లేదు."

ఆవిడ నాకు సలహా అంటూ ఏదీ ఇవ్వలేదు. ఆ గోడ చూపించి, వెళ్ళి కాఫీ పెట్టారు. అందుకు ఆవిడకి రుణపడి ఉంటాను.

శుక్రవారం చెల్లెలి కూతురు వచ్చి ఇల్లు ఖాళీ చేసింది. ఏమైనా కావాలా అని అడిగితే స్టవ్వు తీసుకున్నాను. మర్నాడు రంగులవాళ్ళు వచ్చి గోడలకి తెల్లరంగు వేస్తారట. గీతలు ఇంకా ఉన్నాయి. వాటి ముందు నిలబడి ఉండగా కింద నుంచి మా ఆయన కేకేశాడు.

"కొలతల మనిషి వచ్చాడు, దిగు."

స్టవ్వు రెండు చేతులా పట్టుకుని దిగాను. ఆ మనిషి టేపు సాగదీసి, చెవి సందులోంచి పెన్సిల్ తీసి, మా గోడ మీద మొదటి గీత గీశాడు. ఇక ఆపేయమని జర్మన్‌లో చెప్పాను.

"ఏమైంది? గ్రే వద్దా?" అన్నాడు మా ఆయన.

"వంటగదే వద్దు. సీటు తీసుకుంటున్నానని పొద్దునే రాసేశాను."

ఆ మనిషి టేపు చుట్టుకుని వెళ్ళిపోయాడు. గోడ మీద ఆ ఒక్క గీత ఉంది. దాని కింద మామ్మగారి స్టవ్వు పెట్టాను.

అక్టోబరులో నేను మ్యూనిక్ వెళ్తున్నాను.