రాజమౌళి కువైట్‌కు వచ్చిన కారణాలు

రాజమౌళి కువైట్‌కు ఎందుకు వచ్చాడన్నది చరిత్రకారులు తేల్చవలసిన విషయం. అడిగిన ప్రతివారికీ ఆయన కొత్త కారణం చెబుతాడు. సొంతూరు జగిత్యాల. ఇక్కడ కువైట్ సిటీ పక్కనున్న అబ్బాసియాలో మా కంపెనీ మెస్‌కు వంటమనిషి. అదే కంపెనీలో గుమాస్తాగా నేను విన్న కారణాలే నలభై దాటాయి.

కొత్తగా వచ్చిన దేవయ్యతో, "బోర్లు ఎండినయ్ తమ్మీ. ఒకటి గాదు, ఆరు!" అన్నాడు. మర్నాడు ఇంకో కొత్త కుర్రాడు జలంధర్‌తో, "ఇంటర్ నాలుగుసార్లు ఫెయిలైన. అయ్యకు మొకం జూపెట్టలేక అచ్చిన" అన్నాడు.

"నువ్వు చదివింది అయిదో తరగతి కదా మౌళన్నా?" అని నిలదీశాను.

"అందుకే గద సారూ ఫెయిలైంది!" అన్నాడు గరిటె తిప్పుతూ.

ఈమధ్య మా గేటు కాపలాకు టావిటా వచ్చాడు. పసిఫిక్ సముద్రం నడుమ సమోవా దీవులు అతని దేశం. పక్కకు తిరిగితే తప్ప తలుపులో పట్టడు. అంతటివాడు మూడు రోజులుగా అన్నం సరిగా ముట్టడు, అమ్మ ఫోన్ చేస్తే ఎత్తడు.

రాజమౌళి అతని ముందు చేపల పులుసు పెట్టాడు. "అంత సముద్రం ఇడిసిపెట్టి గీ ఇసుకలకెందుకచ్చినవ్ తమ్మీ?"

టావిటాకు ఇంగ్లీషే వచ్చు, కనుక దుబాసీ పని నాకు తప్పలేదు.

"మా దగ్గర తిండికి లోటు లేదు, పనికే లోటు" అన్నాడు టావిటా. "పెళ్లయినా, చావైనా, చర్చికైనా బయటి దేశం నుంచే డబ్బు రావాలి. అన్నలు న్యూజిలాండ్ ఫ్యాక్టరీల్లో ఉన్నారు."

"సముద్రమొక్కటే ఎక్కువ. తతిమ్మదంతా మా జగిత్యాలే!" అని రాజమౌళి తీర్పు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఏజెంటు సూపర్‌వైజర్ ఉద్యోగమన్నాడట. చర్చిలో ఊరంతా చప్పట్లు కొట్టి సాగనంపిందట. ఇక్కడ దొరికింది గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీ. వాళ్లమ్మ ఆఫీసు చూపించమంటోంది.

"గింతేనా?" అన్నాడు రాజమౌళి. "నేను మేనేజర్‌నని జెప్పి అచ్చిన. ఊరోళ్లు శాలువ గప్పిండ్రు. ఈడ వీసా ఇచ్చిన కఫీల్ గొర్ల కాడికి తోలిండు. ఆర్నెల్లు గొర్లకే మేనేజర్‌ను!"

టావిటా నవ్వుకు బల్ల మీది గ్లాసులు కదిలాయి. మూడు ప్లేట్లు తిన్నాడు.

నాకప్పుడు వెలిగింది. బోరు ఎండి వచ్చినవాడు దేవయ్య. ఇంటర్ తప్పి వచ్చినవాడు జలంధర్. ఎదుటివాడి సిగ్గు ఎంతుంటే అంతకు రెండింతలు తన నెత్తిన వేసుకోవడమే ఈ మహానుభావుడి వలస చరిత్ర.

మర్నాడు టావిటా గేటు దగ్గరి నుంచే అమ్మకు వీడియో కాల్ చేశాడు. కుర్చీ చూపించాడు. ఆవిడ కాసేపు చూసి, "తిన్నావా?" అని మాత్రం అడిగింది. ఆపైన టిఫిన్ డబ్బాతో పక్కన నిలబడ్డ మనిషిని చూసి, ఆయన కువైట్‌కు ఎందుకొచ్చాడని ఆరా తీసింది. టావిటా ఇంగ్లీషులో చెబితే నేను తెలుగు చేశాను.

రాజమౌళి తడుముకోలేదు.

"మీవోనికి వండిపెడదామనే అచ్చిన తల్లీ. జర ముందుగాల అచ్చిన, గంతే!"